మినీ ట్రాక్టర్ ఫ్రంట్ యాక్సిల్‌కు ఏ గేర్ ఆయిల్ పోయాలి?

ఆయిల్ షాపుకెళ్లి “మినీ ట్రాక్టర్ ఫ్రంట్ యాక్సిల్‌కు గేర్ ఆయిల్ ఇవ్వండి” అంటే కౌంటర్ మీదికి వచ్చేది ఎక్కువగా ఈపీ 90, అంటే గట్టి ఒత్తిడిని తట్టుకునే మందు కలిపిన 90 గ్రేడు ఆయిల్ డబ్బానే. చాలా ట్రాక్టర్లకు అది సరిపోతుంది కూడా. చిక్కంతా మిగిలినవాటితో. కొన్ని యాక్సిళ్లలో ఈపీ 90 పోస్తే లోపలి ఫ్రిక్షన్ ప్లేట్లు మూలుగుతాయి. కొన్నింటికి కంపెనీ గేర్ ఆయిల్ బదులు ట్రాన్స్‌మిషన్ ఆయిలే చెబుతుంది. ఇక సరైన ఆయిలే పోసినా రెండు సీజన్ల దమ్ము తర్వాత బేరింగులు పోయాయంటే, సీలు దాటి నీళ్లు దిగాయా అని మొదట చూడాలి. కాబట్టి ఆయిల్ ఎంపికను లీటరు ధర దగ్గర కాకుండా యాక్సిల్ నిర్మాణం దగ్గర, ట్రాక్టర్ చేసే పని దగ్గర మొదలుపెట్టడం మంచిది.

టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ ముందు ఇరుసులో గేర్లు ఉండవు, గేర్ ఆయిలూ ఉండదు. హబ్ బేరింగులకు గ్రీజు పెడితే చాలు. ఇక్కడ చెప్పేదంతా ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న చిన్న ట్రాక్టర్ల గురించి. ద్రాక్ష, దానిమ్మ, బత్తాయి తోటల్లోనూ, పత్తి, మిరప సాళ్ల మధ్యలోనూ, చిన్న మడుల్లో దమ్ముకూ తిరిగే 20 నుంచి 35 హెచ్‌పీ బండ్లు ఇవి.

రెండు రకాల యాక్సిళ్లు

జపాన్ డిజైన్ల నుంచి వచ్చిన చిన్న ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించేది బెవెల్ గేర్ యాక్సిల్. మధ్యలో క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), దాన్ని తిప్పే చిన్న పినియన్, మలుపులో రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉంటాయి. అక్కడి నుంచి రెండు వైపులా షాఫ్టులు చక్రాల దాకా వెళ్తాయి. చివర ఒక జత బెవెల్ గేర్లు ఆ తిరుగుడును కిందికి దిగే నిలువు షాఫ్టుకు అందిస్తాయి. దాని అడుగున ఇంకో జత బెవెల్ గేర్లు చక్రాన్ని తిప్పుతాయి. స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ కింది గేర్ కేసు మొత్తం నిలువు షాఫ్టు చుట్టూ తిరుగుతుంది. యూనివర్సల్ జాయింట్ అవసరం లేదు. చాలా మోడళ్లలో మధ్య హౌసింగ్, రెండు చివరల కేసులు ఒకే ఆయిల్‌ను పంచుకుంటాయి. మొత్తం పట్టేది మోడల్‌ను బట్టి సుమారు 3 నుంచి 6 లీటర్లు.

రెండోది హబ్‌లో ప్లానెటరీ గేర్లు, అంటే మధ్య గేరు చుట్టూ తిరిగే చిన్న గేర్లు ఉన్న యాక్సిల్. పెద్ద ట్రాక్టర్లలో ఇదే ఎక్కువ, కొన్ని చిన్నవాటిలోనూ ఉంటుంది. ఇందులో మధ్య డిఫరెన్షియల్‌కు వేరే ఆయిల్, ఒక్కో హబ్‌కు వేరే ఆయిల్. అంటే మూడు చోట్ల నింపాలి, మూడు చోట్ల లెవెల్ చూడాలి. మధ్యలో పోసిన ఆయిల్ హబ్‌లోకి వెళ్తుందనుకుని హబ్ ప్లగ్ ఏళ్ల తరబడి విప్పని బండ్లు తక్కువేమీ కాదు.

ఏది ఏ రకమో తెలుసుకోవడానికి విప్పి చూడనక్కర్లేదు. ముందు చక్రం పక్కన కూర్చుని చూస్తే, ఇరుసు గొట్టం కన్నా చక్రం కేంద్రం కిందికి ఉండి, మధ్యలో నిలువుగా ఒక మూసిన కేసు కనిపిస్తే అది బెవెల్ రకం. ఇరుసు, చక్రం కేంద్రం ఒకే ఎత్తులో ఉండి, చక్రం నడుమ గుండ్రటి మూత మీద ప్లగ్ కనిపిస్తే ప్లానెటరీ రకం.

బెవెల్ రకంలో ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. పైజత గేర్లు, వాటి బేరింగులు ఎత్తులో ఉంటాయి. ఆయిల్ లెవెల్ కాస్త తగ్గితే మొదట ఎండేది అవే. కింది గేర్లు మాత్రం మునిగే ఉంటాయి కాబట్టి చప్పుడు వెంటనే రాదు. అందుకే ఈ రకం యాక్సిల్‌లో అర లీటరు తక్కువ పోయడం కూడా చిన్న పొరపాటు కాదు.

90 అంటే ఎంత చిక్కన?

ఇంజిన్ ఆయిల్ 40 కన్నా గేర్ ఆయిల్ 90 రెండింతలకు పైగా చిక్కనిదని చాలామంది అనుకుంటారు. రెండూ వేర్వేరు కొలమానాలు. ఎస్ఏఈ కొలత ప్రకారం 100 డిగ్రీల వేడిలో ఇంజిన్ ఆయిల్ 40 చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు. గేర్ ఆయిల్ 90ది 13.5 నుంచి 18.5 లోపు. రెండూ దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. 2005కు ముందు 90 గ్రేడు హద్దు 24 దాకా ఉండేది. తర్వాత మధ్యలో 110 అనే గ్రేడు చేర్చి దాన్ని కుదించారు. 140 గ్రేడు 24 దగ్గర మొదలవుతుంది.

80డబ్ల్యూ-90లో ముందున్న 80డబ్ల్యూ చలికి సంబంధించినది. మైనస్ 26 డిగ్రీల్లో కూడా ఆయిల్ ఒక హద్దుకు మించి చిక్కబడదన్న హామీ అది. 85డబ్ల్యూకు ఆ హామీ మైనస్ 12 డిగ్రీల దాకానే. హిమాచల్, కశ్మీర్ ఆపిల్ తోటల్లో శీతాకాలం తిరిగే బండికి ఈ అంకె ముఖ్యం. ఆంధ్ర, తెలంగాణల్లో చలి పొద్దుకు కూడా దాని అవసరం రాదు. ఇక్కడ ఒట్టి 90 పోసినా, 80డబ్ల్యూ-90 పోసినా, 85డబ్ల్యూ-90 పోసినా యాక్సిల్‌కు తేడా తెలియదు. 75డబ్ల్యూ-90 సింథటిక్ మంచి ఆయిలే. కానీ రెండు మూడు రెట్లు ధర పెట్టి కొనే ఆ గుణంలో చాలా భాగం చలికోసం, ఎక్కువ గంటలు మార్చకుండా నడపడంకోసం. దమ్ములో తిరిగే బండిలో నీళ్లు చేరే ప్రమాదం వల్ల ఆయిల్‌ను ఎలాగూ త్వరగా మార్చాలి. అక్కడ ఆ డబ్బు వృథా.

మరి ఎండల మాటేమిటి? మే నెలలో 45 డిగ్రీలు కాస్తుంటే 140 పోయాలన్న సలహా తరచూ వినిపిస్తుంది. ముందు యాక్సిల్ ఇంజిన్‌లా కాగదు. మామూలు పనిలో కేసు మీద చేయి ఆనించి ఉంచగలిగేంత వేడే ఉంటుంది. ఆ వేడిలో 90 పొర చక్కగా నిలబడుతుంది. 140 అయితే బెవెల్ రకం యాక్సిల్‌లో పై బేరింగుల దాకా ఎగిసి చేరడానికి, సన్నని దారుల గుండా తిరిగి దిగడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. మాన్యువల్‌లో 140 అని రాసి ఉంటే తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

జీఎల్-4, జీఎల్-5

చిక్కదనం ఒక సంగతి, ఒత్తిడిని తట్టుకునే రసాయనం ఇంకో సంగతి. ఈపీ అన్న రెండక్షరాలు ఆ రసాయనం ఉందని మాత్రమే చెబుతాయి. ఎంత ఉందో చెప్పేది ఏపీఐ జీఎల్ అంకె. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి చదవాలి. ఆ అంకె ఎక్కడా లేని ఈపీ 90 డబ్బాను కొనకపోవడమే మేలు.

ఈ రసాయనంలో ప్రధానంగా ఉండేవి గంధకం, భాస్వరం సమ్మేళనాలు. గేర్ పళ్లు గట్టిగా ఒత్తుకుని ఆయిల్ పొర తెగినచోట పుట్టే వేడికి ఇవి ఇనుముతో కలిసి పలుచని పొర కడతాయి. లోహం లోహాన్ని చీరకుండా ఆ పొరే ముందు అరుగుతుంది. జీఎల్-5లో ఈ మందు జీఎల్-4 కన్నా సుమారు రెట్టింపు. హైపాయిడ్ గేర్ల కోసం, అంటే పినియన్ కేంద్రం క్రౌన్ కేంద్రానికి కిందికి జరిగి పళ్లు ఒకదానిపై ఒకటి బాగా జారే అమరిక కోసం, జీఎల్-5ను తెచ్చారు. కార్లు, లారీల వెనక యాక్సిళ్లలో ఆ అమరికే ఉంటుంది. చిన్న ట్రాక్టర్ల ముందు యాక్సిల్‌లో ఎక్కువగా ఉండేవి మామూలు బెవెల్, స్పైరల్ బెవెల్ గేర్లు. వాటిలో జారుడు తక్కువ. కాబట్టి జీఎల్-4 సరిపోతుంది, జీఎల్-5 పోసినా నష్టం లేదు.

“జీఎల్-5 ఇత్తడిని తినేస్తుంది” అన్న భయం ఎక్కడిది? గేర్‌బాక్స్ నుంచి వచ్చింది, అక్కడ అది నిజమే. రాగి, ఇత్తడి, కంచుతో చేసిన సింక్రోనైజర్ రింగులు (గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపేవి), బుష్‌లు వేడెక్కిన గంధకానికి నెమ్మదిగా కరుగుతాయి. పైగా జీఎల్-5 జారుడుకు సింక్రో రింగులు పట్టు తప్పుతాయి. ముందు యాక్సిల్‌లో సింక్రోలు లేవు, అంత వేడీ లేదు. అయితే కొన్ని డిఫరెన్షియళ్లలో పినియన్ల వెనక కంచు వాషర్లు ఉంటాయి. మాన్యువల్ జీఎల్-4 అని రాసిందంటే జీఎల్-4కే కట్టుబడటం తెలివైన పని. మాన్యువల్ జీఎల్-5 అడిగినచోట మాత్రం జీఎల్-4తో సరిపెట్టకూడదు. ముందు బకెట్ లోడర్ తగిలించిన బండ్లకు ఇది మరీ వర్తిస్తుంది. బకెట్‌లో మట్టి నింపి ఎత్తినప్పుడు బరువంతా ముందు ఇరుసు మీదికి వస్తుంది, పళ్లకు కుదుపు దెబ్బలు తగులుతాయి.

షాపుల్లో ఇంకో చిక్కుంది. ఫ్యాక్టరీ గేర్‌బాక్సులకు వాడే ఇండస్ట్రియల్ గేర్ ఆయిల్ డబ్బాల మీద 220, 320, 460 అని ఉంటుంది. చిక్కదనంలో 220 రకం ట్రాక్టర్ 90కి దగ్గరగా ఉంటుంది కాబట్టి అదీ ఇదీ ఒకటేనని అమ్మేవారున్నారు. కుదుపులతో పనిచేసే బండికి కావాల్సినంత ఈపీ మందు అందులో ఉంటుందన్న హామీ లేదు.

గేర్ ఆయిల్ కాదు, వెట్ బ్రేక్ ఆయిల్

మన దగ్గర వెట్ బ్రేక్ ఆయిల్ అనీ, ట్రాన్స్‌మిషన్ ఆయిల్ అనీ పిలిచే యూటీటీవో రకం ఆయిల్ గేర్లకు, హైడ్రాలిక్స్‌కు, ఆయిల్‌లో మునిగి ఉండే బ్రేకు ప్లేట్లకు ఉమ్మడిగా పనికొచ్చేలా చేసింది. 90 కన్నా బాగా పలుచన. 40 డిగ్రీల దగ్గర 80డబ్ల్యూ-90తో పోలిస్తే సుమారు సగం చిక్కదనమే ఉంటుంది. ఇంత పలుచనిది ముందు యాక్సిల్‌కు పనికొస్తుందా అన్న అనుమానం సహజం. కుబోటా చిన్న ట్రాక్టర్ల మాన్యువళ్లు చాలావాటిలో ముందు యాక్సిల్ ఆయిల్‌గా తమ సూపర్ యూడీటీ ఫ్లూయిడ్ గానీ, ఎస్ఏఈ 80 నుంచి 90 గేర్ ఆయిల్ గానీ అని రెండూ రాసి ఉంటాయి. యూడీటీ ఈ ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కోవలోదే. అంటే బెవెల్ యాక్సిల్ రెండింటితోనూ నడుస్తుందని తయారుచేసినవారే ఒప్పుకున్నట్టు.

అలాంటి చోట ఏది ఎంచుకోవాలి? సీళ్లు కొత్తగా, గట్టిగా ఉండి, బండి ఎక్కువగా తోటలో తేలికపాటి పని చేస్తుంటే ట్రాన్స్‌మిషన్ ఆయిల్ హాయి. వెనక పోసేదే ముందూ పోయొచ్చు, డబ్బాలు కలగాపులగం కావు. పైబేరింగులకు త్వరగా చేరుతుంది. గంటలు తిరిగిన బండి, కాస్త చెమ్మగిల్లిన సీళ్లు, లోడర్ పని, బురద పని ఉంటే 80డబ్ల్యూ-90 వైపు మొగ్గడం మంచిది. పలుచని ఆయిల్ అరిగిన సీలు దగ్గర ముందుగా బయటపడుతుంది.

డిఫరెన్షియల్‌లో ఫ్రిక్షన్ ప్లేట్లుండి, ఒక చక్రం ఒట్టిగా జారిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్ (ఎల్ఎస్) రకానికి మాత్రం ఈ వెసులుబాటు లేదు. ప్లేట్లు పట్టీ పట్టక కొట్టుకోకుండా ఉండాలంటే ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫైయర్ ఉండాలి. ఒట్టి జీఎల్-5 పోస్తే మలుపు తిరిగేటప్పుడు గుర్రుమనే మూలుగు, చిన్న కుదుపులు మొదలవుతాయి, ప్లేట్లు కాలతాయి. మాన్యువల్‌లో ఎల్ఎస్ అని గానీ, ఫలానా యూటీటీవో అని గానీ ఉంటే అదే తేవాలి.

ఒక రకం నుంచి ఇంకోదానికి మారేటప్పుడు పైపైన కలపకూడదు. రెండింటి మందులు వేరు. కలిస్తే నురగ కట్టొచ్చు, ఏ ఒక్కటీ తన పని సరిగా చేయకపోవచ్చు. పాతది పూర్తిగా దించి కొత్తది పోయాలి.

నీళ్లు ఎలా దిగుతాయి

దమ్ములో యాక్సిల్ సగం వరకూ, ఒక్కోసారి మొత్తం బురదనీటిలో ఉంటుంది. పని చేసి వేడెక్కిన కేసు చల్లని మడిలోకి దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. ఆ లోటును నింపడానికి బ్రీదర్ (కేసుకు గాలి ఆడే చిన్న రంధ్రపు మూత) ద్వారా బయటి గాలి రావాలి. బ్రీదర్ బురదతో పూడుకుపోయి ఉంటే గాలికి దారి లేదు. అప్పుడు సీలు లిప్, అంటే షాఫ్టును ఒరుసుకునే రబ్బరు అంచు దగ్గర నుంచి నీళ్లే లోపలికి వస్తాయి. అదే బ్రీదర్ పూడిన బండి వేడెక్కినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి ఆయిల్‌ను బయటికి నెడుతుంది. సీలు కారుతోందని సీలు మార్చి, బ్రీదర్‌ను అలాగే వదిలేస్తే కొత్త సీలూ కారుతుంది.

సీళ్లకు ఇంకో శత్రువు పొలంలోని చెత్త. మల్చింగ్ షీటు ముక్కలు, డ్రిప్ ల్యాటరల్ తునకలు, నైలాన్ తాడు హబ్ వెనక చుట్టుకుని లిప్‌ను కోసేస్తాయి. మిరప, కూరగాయల పొలాల్లో తిరిగే బండికి వారానికోసారి చక్రం వెనక చేయి పెట్టి చూడటం, ఖరీదైన ఆయిల్ కొనడంకన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

నీళ్లు చేరిన ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు తిరుగుతుంది. రంగు మారేదాకా ఆగనక్కర్లేదు. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే కింది డ్రైన్ బోల్టును కొద్దిగా వదులు చేస్తే, నీళ్లు బరువు కాబట్టి ముందు అవే చుక్కలుగా వస్తాయి. ఇంకా అనుమానంగా ఉంటే వేడి చేసిన ఇనుప రేకు మీద ఒక చుక్క వేసి చూడాలి. నీళ్లుంటే చిటపటలాడుతుంది. ముఖం దూరంగా పెట్టాలి.

కారడం ఆపడానికి 140 పోయడం, హబ్‌లో గ్రీజు కూరడం మనవాళ్లకు అలవాటైన మందులు. 140తో కొన్నాళ్లు చెమ్మ తగ్గినట్టు కనిపిస్తుంది. షాఫ్టు మీద సీలు అరగదీసిన గాడి అలాగే ఉంటుంది కాబట్టి కారడం మళ్లీ మొదలవుతుంది. గ్రీజు ఇంకా హానికరం. గేర్ తిరుగుతూ దాన్ని పక్కలకు నెట్టి తన చుట్టూ ఖాళీ చేసుకుంటుంది. నూనెలా అది తిరిగి దిగి రాదు, పళ్లు ఎండిపోతాయి. వాడిన ఇంజిన్ ఆయిల్ పోయడం గురించి చెప్పనే అక్కర్లేదు. అందులో మసి, ఆమ్లాలు ఉంటాయి. గేర్లకు కావాల్సిన ఈపీ మందు మాత్రం ఉండదు.

మార్చే పని

కొత్త బండికి మొదటి మార్పు కొన్ని మాన్యువళ్లలో 50 గంటల దగ్గర. కొత్త గేర్లు ఒరిపిడికి రాల్చే పొడి అప్పుడే బయటికి పోవాలి. తర్వాతి మార్పు మోడల్‌ను బట్టి 300 గంటల నుంచి 1000 గంటల దాకా ఉంటుంది. ఇవి పొడి నేల లెక్కలు. దమ్ముకు దిగే బండికి గంటల మీటరుతో పని లేదు. సీజన్ అయిపోయిన వెంటనే మార్చాలి, వచ్చే సీజన్ దాకా ఆగితే నీళ్లు కలిసిన ఆయిల్ బేరింగుల మీద నెలల తరబడి కూర్చుని తుప్పు పట్టిస్తుంది.

బండి కాసేపు తిరిగి ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు సమతలం మీద ఆపాలి. డ్రైన్ బోల్టు ముట్టుకోకముందే పైన నింపే ప్లగ్‌ను విప్పి చూడాలి. తుప్పుతో అది రాకపోతే, ఉన్న ఆయిల్ దించేశాక బండి అక్కడే ఇరుక్కుపోతుంది. బెవెల్ రకంలో సాధారణంగా రెండు చివరల గేర్ కేసుల అడుగున డ్రైన్ బోల్టులుంటాయి, మధ్యలో ఉంటే దాన్నీ విప్పాలి. ఒక్క వైపే దించితే రెండో కేసులో పాత ఆయిల్ మిగిలిపోతుంది. ప్లానెటరీ హబ్‌ను దించేటప్పుడు చక్రాన్ని తిప్పి ప్లగ్‌ను అడుగుకు తేవాలి. నింపేటప్పుడు మూత మీది లెవెల్ గీత అడ్డంగా వచ్చేదాకా తిప్పి, ప్లగ్ రంధ్రం అంచు వరకూ పోయాలి.

పాలరంగు ఆయిల్ వచ్చిన యాక్సిల్‌ను ఒక్క మార్పుతో వదలకూడదు. చవకైన, కానీ అదే గ్రేడు ఆయిల్ పోసి గంటో రెండు గంటలో తేలిక పని చేయించి దాన్నీ దించేసి, అప్పుడు అసలు ఆయిల్ పోయాలి. డీజిల్‌తో కడిగేవారు ఉన్నారు. కడిగాక మూలల్లో మిగిలే డీజిల్ కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. తప్పదనుకుంటే చక్రాలు లేపి చేత్తో మాత్రమే తిప్పాలి, రాత్రంతా బోల్టులు తెరిచి ఆరనివ్వాలి.

నింపేటప్పుడు తొందర పనికిరాదు. మధ్యలో పోసిన 90 రెండు చివరల దాకా పాకడానికి సమయం పడుతుంది, గాలి బయటికి రావడానికి బ్రీదర్‌ను తీసి ఉంచాలి. డిప్‌స్టిక్ నిండినట్టు చూపించాక పావుగంట ఆగి మళ్లీ చూస్తే లెవెల్ పడిపోయి ఉంటుంది. మళ్లీ పోసి, బండిని రెండు వైపులా పూర్తిగా తిప్పుతూ పది నిమిషాలు నడిపి, ఇంకోసారి చూడాలి. దించిన ఆయిల్‌ను కొలిస్తే ఇంకా మంచిది. మాన్యువల్ చెప్పినదానికన్నా లీటరు తక్కువ వచ్చిందంటే అది ఎక్కడో కారిపోయింది. బోల్టులకు రాగి వాషర్లు గానీ ఓ-రింగులు గానీ కొత్తవి వేయాలి. బ్రీదర్‌ను డీజిల్‌లో కడిగి, ఊదితే గాలి పోతోందో లేదో చూసి బిగించాలి. యాక్సిల్ మధ్య పివట్ పిన్నుకు ఈ ఆయిల్ అందదు. దాని గ్రీజు నిపుల్‌కు వేరే గ్రీజు పెట్టాలి, బురద సీజన్‌లో రోజూ.

ఆయిల్ సరైనదే, లెవెల్ సరిగ్గానే ఉంది, అయినా కేసు చేయి పెట్టలేనంత కాలుతోందంటే మొదట అడగాల్సింది ఫోర్ వీల్ లివర్ గురించి. ముందు చక్రాలు వెనకవాటికన్నా కొద్ది శాతం వేగంగా తిరిగేలా గేర్లు అమర్చి ఉంటాయి. మెత్తటి నేలలో ఆ తేడా జారుడులో కలిసిపోతుంది. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి ట్రాలీ లాగితే జారడానికి చోటు లేక ఆ బిగువంతా బెవెల్ పళ్ల మీద పడుతుంది. ముందు టైర్లు వేరే సైజువి వేసినా ఇదే జరుగుతుంది. ఏ జీఎల్-5 దీన్ని సరిచేయలేదు.

విప్పిన డ్రైన్ బోల్టు అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి ముద్ద ఉంటే అది మామూలు అరుగుదల, తుడిచి బిగించవచ్చు. సన్నని రేకుల్లాంటి మెరుపు ముక్కలు బేరింగు పొర ఊడుతోందని చెబుతాయి. చక్రం లేపి పైకీ కిందికీ ఊపితే బేరింగు వదులు తెలుస్తుంది, ఆ వైపు కేసు విప్పడానికి ఏర్పాట్లు చేసుకోవాలి. కోణాలున్న గట్టి ముక్క దొరికితే అది పన్ను. కొత్త ఆయిల్ పోయడం ఆపి, ఆ బండిని నడపకుండా కేసు విప్పించాలి, ఎందుకంటే రెండో ముక్క ఇంకా లోపలే ఉండి క్రౌన్, పినియన్ మధ్యలో పడొచ్చు.